యంత్రమునకు ఇవతల

ముంబయి కామాటిపుర గల్లీలలో కాపురముండి మూత్రపిండములు చెడిన మనిషికి వైద్యము దూరమని చెప్పుటకు వీలులేదు. నాయర్ ఆసుపత్రియు, 1845లో ద్వారములు తెఱచిన జె.జె. ఆసుపత్రియు నడచి పోదగినంత దూరముననే యున్నవి. లాల్‌బాగ్ గణపతి మండలివారు భక్తుల కానుకలతో డయాలసిస్ కేంద్రమునే నడుపుచున్నారు. సిద్ధివినాయక దేవస్థానమువారు రోగులకు ధనసహాయము చేయుచున్నారు. ఇన్ని యుండియు, నిజాము రాజ్యపు పల్లెలనుండి కట్టుబడి పనికై వచ్చి ఈ పేటకు తమ పేరిచ్చిన కామాటీల సంతతిలోను, వర్లీ చాళ్లలోని పద్మశాలి కుటుంబములలోను ఈ వ్యాధి ప్రవేశించిన ఇల్లు ఏల కుదేలగుచున్నదని యెవరైన నడిగినచో, మన దాతృత్వము యంత్రము దగ్గఱనే ఆగిపోవుచున్నదని చెప్పుదును.

వారమునకు మూడుమార్లు, ప్రతిమారును నాలుగేసి గంటలు యంత్రమునకు కట్టుబడవలసిన మనిషికి దినకూలి యెవ్వడిచ్చును? తోడు వచ్చిన భార్య ఆ పూట బీడీలు చుట్టుట మానవలెను. రక్తశుద్ధి యైనపిదప నెత్తురుపోటు తగ్గి, పిక్కలు పట్టి, కన్నులు తిరుగుచుండగా ఆతడు చాల్ మెట్లు మూడంతస్తు లెక్కవలెను. మే నెల ఉక్కలో సైతము గ్లాసు కొలిచి నీరు త్రాగవలెను. ఇంటివద్దనే కడుపులోనికి ద్రవమెక్కించి తీయు పద్ధతి యొకటి కలదు గాని, దానికి శుభ్రమైన మూల యొకటి, నెలకు సరిపడు ద్రవపు సంచులు దాచుటకు చోటును కావలెను. పదడుగుల ఖోలీలో, నడవ చివర పదిమందికొక పాయిఖానా గల చోట, సంచులిచ్చు దాత దొరకినను వానిని పేర్చుటకు చోటిచ్చు దాత యెవ్వడు? వర్లీ బి.డి.డి. చాళ్లవారిలో కొందఱకు పునర్నిర్మాణమువలన విశాలమైన ఇండ్లు లభించినవి. కామాటిపురకు ఆ దిన మింకను రాలేదు.

చట్టము లేదా యందురేమో. మహారాష్ట్రమున ధర్మసంస్థల ఆసుపత్రులు నూటికి పది పడకలు నిరుపేదలకు ఉచితముగను, మఱి పది బలహీనవర్గములకు రాయితీతోను ఉంచవలెననియు, మొత్తము బిల్లులలో నూటికి రెండు వంతులు పేదరోగుల నిధికి చేర్చవలెననియు హైకోర్టు 2006లో ఖాయపఱచిన పథకము కలదు. అయితే దానికి ఆదాయపు ధ్రువపత్రమో రేషను కార్డో చూపవలెను. కార్డు కరీంనగరు పల్లెలోను, కాయము ముంబయిలోను ఉన్నవాని మాట యేమి? తెలంగాణము 2022లో డయాలసిస్ రోగులకు ఆసరా పింఛను మొదలిడినది. మూత్రపిండ వ్యాధితో కుములు ఉద్దానపు సీమ గోడు విన్న ఆంధ్రప్రదేశము నెలకు 10,000 రూపాయ లిచ్చుచున్నది. ఈ గల్లీలలోని తెలుగువాడు ఆ రెండు చేతులకును అందడు.

మన కులసంఘములు పేదవి కావు. మార్కండేయ జయంతికి, బతుకమ్మకు చందాలు వచ్చును, భోజనములు జరుగును. అది తప్పని నేననను. కాని రోగికి సహాయమనగానే ఒక పెద్ద మొత్తము, ఒక శాలువ, ఒక ఛాయాచిత్రముతో ముగించుట మనకు అలవాటు. ఈ వ్యాధి ఒక్కనాడు తీరునది కాదు; దీనికి కావలసినది ఏండ్లతరబడి తప్పక వచ్చు కొద్ది సొమ్ము, అనగా బస్సు కిరాయి, తోడు వచ్చినవారి కూలి, రక్తము పెరుగుటకిచ్చు సూదిమందు వెల. అంతకంటె ముఖ్యముగా, మరాఠీలో దరఖాస్తు వ్రాసి, ఆసుపత్రి సోషల్ వర్కరు బల్లముందు రోగి పక్షమున నిలువగల చదువుకొన్న కుఱ్ఱవాడొకడు కావలెను. అట్టివానికి జీతమిచ్చుట మందిరమునకు మరొక చలువరాయి వేయుటకంటె మేలని పెద్దలముందు నేనన్నచో నొచ్చుకొందురు, అయినను అనుచున్నాను.

ఇంకొక్కటి. మన దేశమున బ్రతికియుండగా మూత్రపిండ మిచ్చువారిలో ఆడువారే అధికులు. మగనికిచ్చిన ఇల్లాలు, కొడుకునకిచ్చిన తల్లి కొన్ని వారములు బరువెత్తరాదు. చాల్‌లో నీళ్లబిందె ఎత్తనిదే పూట గడువదు. రోగికి చందా వేయువారు ఆమెను లెక్కలో చేర్చుకొనుట నేనింతవఱకు చూడలేదు. రానున్న బతుకమ్మకు రసీదు పుస్తకములు అచ్చువేయించునపుడు ఆమె పేర నొక పద్దు తెఱువుడు.

— ప్రవాసి