టీవీ డబ్బు పంచే తక్కెడ ఎవరి చేతిలో ఉంది?

కొంచెం పెద్ద పోస్టు. ఓపిగ్గా చివరిదాకా చదవండి, తర్వాత తిట్టాలనిపిస్తే తిట్టండి.

మన ఏజెన్సీలో సంక్రాంతికి పెట్టే వాలీబాల్, కబడ్డీ టోర్నమెంట్లకి ఇప్పుడు యూట్యూబ్ లైవ్ వచ్చింది, స్పాన్సర్లు వచ్చారు. సంతోషమే. కానీ మొన్న మా వైపు కమిటీ కూర్చున్నప్పుడు ఒక మాట వచ్చింది. "లోపలి గూడేల టీములకి వ్యూస్ రావట్లేదు. రోడ్డు పక్కనున్న పెద్ద టీములు ఎనిమిది చాలు. అమెరికాలో కాలేజీ ఆటలు ఇలాగే నడుస్తాయి, అందుకే అక్కడ కోట్లు వస్తున్నాయి" అని. అన్నది మన తమ్ముడే, బాగా చదువుకున్నవాడే. అతని మీద నాకు కోపం లేదు. కానీ అమెరికా పేరు ఎత్తాడు కాబట్టి అక్కడ ఏం జరిగిందో పూర్తిగా చెప్పుకుందాం. సగం కథ చెప్పి మనోళ్ళ నోరు మూయించొద్దు.

అక్కడ యూనివర్సిటీలు కాన్ఫరెన్సులు అనే కూటములుగా ఏర్పడి ఆడతాయి. ఇరుగుపొరుగు రాష్ట్రాల వాళ్ళు కలిసి ఒక కాన్ఫరెన్సు. టీవీ కంపెనీలతో బేరం ఆడేది, వచ్చిన డబ్బు సభ్యులకి పంచేది అదే. 1984 దాకా అమెరికన్ ఫుట్‌బాల్ టీవీ హక్కులు ఎన్‌సీఏఏ అనే జాతీయ సంస్థ చేతిలో ఉండేవి. ఏ టీము ఎన్నిసార్లు టీవీలో కనపడాలో కూడా అదే చెప్పేది. దాని మీద ఓక్లహామా, జార్జియా యూనివర్సిటీలు కోర్టుకెళ్తే, 1984లో సుప్రీంకోర్టు 7-2 తేడాతో ఆ పెత్తనం చెల్లదని తీర్పిచ్చింది. ఒప్పుకోని ఇద్దరు జడ్జీల్లో ఒకాయన బైరన్ వైట్. కుర్రతనంలో కొలరాడో యూనివర్సిటీకి పేరుమోసిన ఆటగాడు. ఆ తీర్పుతో తలుపులు తెరుచుకున్నాయి, ఎవరి బేరం వాళ్ళది అయింది.

ఇప్పుడు పాక్-12 కథ వినండి. పడమటి తీరం యూనివర్సిటీల కాన్ఫరెన్సు, దాని మూలాలు 1915లో ఉన్నాయి. 2022 జూన్ 30న లాస్ ఏంజెలెస్‌లోని యూఎస్‌సీ, యూసీఎల్ఏ బయటికెళ్తున్నామని ప్రకటించాయి. ఎక్కడికి? బిగ్ టెన్‌కి. దాని ఊళ్ళు ఎక్కువగా మధ్య పడమర రాష్ట్రాల్లో, కొన్ని తూర్పు తీరంలో ఉన్నాయి. ఎందుకెళ్ళారంటే టీవీ డబ్బు కోసం. అదే ఏడాది ఆగస్టులో బిగ్ టెన్ ఫాక్స్, సీబీఎస్, ఎన్‌బీసీలతో ఏడేళ్ళకి 700 కోట్ల డాలర్లకి పైగా ఒప్పందం చేసుకుందని వార్తలొచ్చాయి. 2023 జూలైలో కొలరాడో బిగ్ 12కి వెళ్ళింది. ఆగస్టు 4 ఒక్కరోజే ఐదు యూనివర్సిటీలు జారుకున్నాయి. ఒరెగాన్, వాషింగ్టన్ బిగ్ టెన్‌కి, అరిజోనా, అరిజోనా స్టేట్, యూటా బిగ్ 12కి. సెప్టెంబర్ 1న స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్సులో చేరాయి. పేరు అట్లాంటిక్, ఊరేమో పసిఫిక్ ఒడ్డు! వందేళ్ళు దాటిన ఇల్లు, చివరికి మిగిలింది ఇద్దరు. ఒరెగాన్ స్టేట్, వాషింగ్టన్ స్టేట్.

వాళ్ళు చేతగానివాళ్ళా? లెక్క చూడండి. 2022 సీజన్‌లో ఒరెగాన్ స్టేట్ 13 మ్యాచ్‌లాడి 10 గెలిచింది. అదే సీజన్‌లో కొలరాడో 12 ఆడి 1 గెలిచింది. 1 గెలిచినోడికి పిలిచి కుర్చీ వేశారు, 10 గెలిచినోడిని గడప బయట నిలబెట్టారు. కొలరాడో డెన్వర్ మహానగరం పక్కన ఉంది, పెద్ద పేరున్న కోచ్ వచ్చాడు, టీవీ ముందు జనం కూర్చుంటారు. కోర్వాలిస్, పుల్‌మన్ చిన్న ఊళ్ళు. తేడా అదే. ఆటని కాదు తూచింది, టీవీలని తూచారు. సంతలో మన చింతపండు తూచిన షావుకారు గుర్తొస్తున్నాడా? సరుకు ఎంత మంచిదైనా, తక్కెడ ఎవడి చేతిలో ఉంటే రేటు వాడిదే.

మరి వెళ్ళినవాళ్ళు సుఖపడ్డారా? స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ మొదటి ఏళ్ళకి పూర్తి వాటా వదులుకున్నాయి. వాళ్ళతో పాటు చేరిన ఎస్ఎంయూ అయితే తొమ్మిదేళ్ళు టీవీ వాటా వద్దని చెప్పి చేరింది. ఫుట్‌బాల్ వారానికి ఒక మ్యాచ్, సర్దుకుంటారు. మరి వాలీబాల్, సాఫ్ట్‌బాల్ ఆడే ఆడపిల్లలు? లాస్ ఏంజెలెస్ నుంచి న్యూజెర్సీ దగ్గర దగ్గర 4,000 కిలోమీటర్లు, కాశ్మీర్ నుంచి కన్యాకుమారి కంటే దూరం. క్లాసులు మానుకుని విమానాల్లో నిద్రపోయేది వాళ్ళు. సంతకాలు పెట్టిన పెద్దలు కాదు.

ఇంకా బాధ కలిగించే సంగతి ఒకటుంది. వదిలేయబడ్డ ఆ ఇద్దరూ కోర్టుకెళ్ళి కాన్ఫరెన్సు పగ్గాలు తెచ్చుకున్నారు, శభాష్. తర్వాత 2024లో ఏం చేశారు? పక్కనున్న మౌంటెన్ వెస్ట్ కాన్ఫరెన్సు నుంచి బోయిసీ స్టేట్, శాన్ డియాగో స్టేట్ లాంటి బలమైన టీములని లాగేసుకున్నారు. తమకి జరిగిందే ఇంకొకరికి చేశారు. వాళ్ళు చెడ్డవాళ్ళని కాదు నేననేది. పద్ధతి అలాంటిది. ఒక్కసారి చూసే కళ్ళ లెక్కన పంచడం మొదలైతే ప్రతివాడూ తనకంటే చిన్నవాడిని వెతుక్కుంటాడు. ఆ వరసలో చివర్న ఎవరుంటారో మనకి వేరే చెప్పాలా?

"జనాన్ని తెచ్చేవాడికే ఎక్కువ రావాలి కదా అన్నా" అంటారు. సరే. అమెరికాలో అన్నిటికంటే డబ్బున్న లీగు ఏది? ఎన్ఎఫ్ఎల్. అక్కడ జాతీయ టీవీ డబ్బు 32 టీములకీ సమానంగా పంచుతారు. న్యూయార్క్ టీముకి ఎంతో, లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే టీముకీ అంతే. బిగ్ టెన్‌లో కూడా పాత సభ్యుల మధ్య సమాన వాటానే. మిషిగన్ ఎంత పెద్దదైనా తనతో తనే ఆడుకోలేదు కదా, అవతల ఇంకో టీము ఉండాలి. అంటే బాగా సంపాదించినోళ్ళు తమ లోపల సమానంగా పంచుకుంటున్నారు, బయటోళ్ళకి మాత్రం మార్కెట్ సూత్రం చెప్తున్నారు. మన తమ్ముడు నేర్చుకోవాల్సింది ఇంటి లోపలి పద్ధతి, గుమ్మం బయట చెప్పే సుద్దులు కాదు.

ఇందులో మన కథ కూడా ఉంది, తెలుసా? 1879 నుంచి 1918 దాకా పెన్సిల్వేనియాలో కార్లైల్ అనే బోర్డింగ్ స్కూలుండేది. అమెరికా ఆదివాసీ పిల్లలని తెచ్చి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడనివ్వని స్కూలు. ఆ పిల్లల ఫుట్‌బాల్ టీము 1911లో హార్వర్డ్‌ని 18-15తో ఓడించింది. వాళ్ళ ఆట చూడటానికి జనం టికెట్లు కొన్నారు, స్కూలుకి డబ్బులు పారాయి. ఆ డబ్బు ఎలా ఖర్చయింది? 1914లో అమెరికా కాంగ్రెస్ కమిటీ అదే అడిగింది. ఆ విచారణకి దారితీసింది విద్యార్థులే, సంతకాలు పెట్టి అర్జీ పంపారు. అదే టీములో ఆడిన జిమ్ థోర్ప్ 1912 ఒలింపిక్స్‌లో రెండు స్వర్ణాలు గెలిచాడు. అంతకుముందు చిన్న జీతానికి బేస్‌బాల్ ఆడాడని 1913లో ఆ పతకాలు లాక్కున్నారు. ఆయన్ని ఏకైక విజేతగా తిరిగి గుర్తించింది 2022లో, ఆయన పోయిన 69 ఏళ్ళకి. ఆడించినవాళ్ళు తింటే నిధి, ఆడినవాడు తింటే నేరం!

ఈ నీతి వందేళ్ళు నడిచింది. కాలేజీ ఆటగాళ్ళు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చని ఎన్‌సీఏఏ ఒప్పుకుంది 2021లో. యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా వాటా ఇవ్వొచ్చని ఒప్పందం ఖరారైంది 2025 జూన్‌లో. అదీ ఎవరి దయా కాదు, ఆటగాళ్ళు కోర్టులో కొట్లాడి తెచ్చుకున్నది.

కాబట్టి కమిటీల్లో ఉన్న అన్నలకి, అక్కలకి నా మాట ఇది. డబ్బు తక్కువున్నప్పుడే రూలు రాయండి, ఎక్కువయ్యాక ఎవడూ రాయనివ్వడు. వచ్చిన స్పాన్సర్ డబ్బులో ప్రతి టీముకీ సమాన వాటా. లోపలి గూడెం నుంచి నడిచి, ఆటో ఎక్కి వచ్చే టీముకి దారి ఖర్చు అదనం. కమిటీలో ఆడే పిల్లలు ఇద్దరు, అందులో ఒక ఆడపిల్ల. ఫైనల్ అయిన రోజే మైకులో లెక్క చదవాలి.

వ్యూస్ రాలేదని గూడెం టీముని తీసేస్తే, ఆ రూలు అక్కడితో ఆగదు. ఈ ఏడాది వాళ్ళు, వచ్చే ఏడాది మీ ఊరు. రోడ్డు పక్కన ఉన్నామని ధీమాగా ఉన్న ఎనిమిది టీములకే చెప్తున్నా, మీకంటే పెద్ద రోడ్డు పక్కన ఇంకోడు ఉంటాడు.

మీ మండలంలో ఎలా పంచుతున్నారో కింద రాయండి. మాట్లాడుకుందాం.

జై ఆదివాసీ.