'తోలు' అని నిజం రాసినందుకు

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ చీఫ్ కమిషనర్ గారికి,



మాది ధర్మవరం. దగ్గర్లోనే నిమ్మలకుంట అని తోలుబొమ్మల ఊరుంది. అక్కడ ఒక పెద్దాయన చేసే బొమ్మలకు ఫోటోలు తీసి, ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసి, ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెడుతుంటాను. మేకతోలును నానబెట్టి, బొచ్చు గీకి, బిగలాగి ఎండబెడితే వెలుతురు పారే పలచని పొర తేలుతుంది. దాని మీద బొమ్మ గీసి, ఉలితో వందలకొద్దీ చిల్లులు కొడతారు. లోపల బల్బు వెలిగిందంటే హనుమంతుడి కిరీటం నుంచి తోక కొస దాకా చుక్కలు చుక్కలుగా మెరుస్తుంది. తెర మీద రామాయణం ఆడిన బొమ్మ, బతుకుతెరువు కోసం బెడ్‌ల్యాంపు అయింది.

మొన్న ఒక షాపింగ్ యాప్‌లో అలాంటి దీపమొకటి పెట్టాను. పేరులో 'హనుమాన్' ఉంది, 'లెదర్' ఉంది. టీ తాగి వచ్చేసరికి తీసేశారు. మత విశ్వాసాలను కించపరిచే వస్తువట. అప్పీలు చేస్తే అదే వాక్యం తిరిగొచ్చింది. ఫోన్‌లో చెప్తే పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. "మా నాయన ఇదే తోలు మీద రాముణ్ణి ఆడిస్తే ఊరు ఊరంతా దండం పెట్టినారమ్మా. ఇప్పుడేమొచ్చె దీనికి?" అన్నారు.

అదే వారం, అదే యాప్‌లో, తామరపువ్వులో కూర్చున్న లక్ష్మీదేవి బొమ్మతో డోర్‌మ్యాట్ కనబడింది. అమ్మేవాడు గడుసువాడు. పేరులో లక్ష్మి అని గానీ, దేవత అని గానీ రాయలేదు. 'ఎత్నిక్ ప్రింట్' అని ఊరుకున్నాడు. ఫిర్యాదు చేశాను. నాలుగు గంటల్లో జవాబు: ఈ వస్తువు మా విధానాలకు విరుద్ధంగా లేదు. రెండు రోజుల తర్వాత, బోలెడంత మంది ఫాలోవర్లున్న ఒకాయన దాని స్క్రీన్‌షాట్ పెట్టి గోల చేశాడు. సాయంత్రానికి మాయం. మర్నాడు అదే ఫోటో, అదే ధర, వేరే అమ్మకందారు పేరుతో హాజరు.

నా గొడవ డోర్‌మ్యాట్‌తో కాదు. నిజం చెప్పాలంటే 'మనోభావాలు దెబ్బతిన్నాయి' అన్న మాట వింటేనే నాకు విసుగు. ఆ మాట అడ్డం పెట్టుకుని ఎన్ని సినిమాలకూ పుస్తకాలకూ అడ్డుపడ్డారో చూస్తూనే ఉన్నాం. నన్ను కలవరపెట్టింది వేరే. అక్కడి మెషీను వస్తువును చూడదు, పేరును చదువుతుంది. ఉన్నదున్నట్టు రాసినవాడు దొరికిపోతాడు, దాచినవాడు గట్టెక్కుతాడు. ఇక మనిషనేవాడు కలగజేసుకునేది బజారులో రచ్చ అయినప్పుడే.

ఇది పాత జబ్బే. 2017 జనవరిలో అమెజాన్ కెనడా సైటులో మన జెండా ముద్రించిన డోర్‌మ్యాట్ కనబడితే, విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ ట్విట్టర్‌లో నిలదీశారు. క్షమాపణ చెప్పకపోతే ఆ సంస్థ అధికారులకు వీసాలివ్వబోమన్నారు. వెంటనే తీసేశారు. వారం తిరక్కముందే వాళ్ల అమెరికా సైటులో గాంధీ బొమ్మ వేసిన చెప్పులు బయటపడ్డాయి. 2019 మేలో దేవుళ్ల బొమ్మలున్న టాయిలెట్ సీటు కవర్ల మీద మళ్లీ అదే రభస. కాళ్లు తుడుచుకునే పట్టా ఒకటి తీయించడానికి విదేశాంగ మంత్రి దిగిరావాల్సి వస్తే, మాబోటివాళ్లకు ఇచ్చిన ఫిర్యాదు బటన్ ఎందుకున్నట్టు?

మీ సంస్థనూ ఒక మాట అనాలి. 2025 మేలో పాకిస్తాన్ జెండాలు అమ్ముతున్నారని అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, ఎట్సీ వగైరాలకు నోటీసులిచ్చారు. రెండు దేశాల మధ్య అప్పటి వేడి తెలియంది కాదు. కానీ ఆ వార్త చదివిన చిన్న అమ్మకందారుకు ఏ జెండా ఏ నెలలో తప్పవుతుందో అర్థమై ఉంటుందా?

మీరు బాగా చేసిన పనీ ఉంది, అందుకే ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. కారు సీటు బెల్టు పెట్టుకోకపోయినా అలారం మోగకుండా చేసే క్లిప్పుల మీద 2023లో ఐదు సంస్థలకు ఆదేశాలిచ్చారు. 13,118 లిస్టింగులు తీయించారు. సీసా మూత తీసేదనీ, సిగరెట్ లైటరనీ పేరు మార్చి అమ్ముతున్న సంగతి కూడా పసిగట్టారు. ఏ నియమం ప్రకారం తప్పో చెప్పారు, ఎన్ని తీశారో లెక్క చెప్పారు. అంటే చేతనవుతుంది.

దేవుడి బొమ్మలు మా పరిధి కాదంటారేమో. ఒప్పుకుంటాను. ఏది అవమానమో తేల్చే పెత్తనం మీకు అప్పగించమంటే నాకే భయం. నేనడిగేది ఫిర్యాదుకు జవాబు చెప్పే తీరు గురించి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నా విషయంలో ఆ గడువు తప్పలేదు. జవాబొచ్చింది, అందులో విషయమే లేదు. తీసేసినా, ఉంచినా, ఏ నియమం ప్రకారమో ఒక్క వాక్యం రాయమనండి. ఒకటి తీస్తే అదే ఫోటోతో ఉన్న తక్కినవీ వెతకమనండి. అప్పీలును మనిషి చేత చదివించమనండి. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఇచ్చింది కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రీయే. ఆ జాబితా ఆ మెషీనుకు ఎవరూ చూపించినట్టు లేదు.

దీపం సంగతి చెప్పలేదు కదూ. 'లెదర్' తీసేసి 'హ్యాండ్‌మేడ్ షీట్' అని రాసి మళ్లీ పెట్టాను. మెషీను మారుమాట లేకుండా ఒప్పుకుంది. బెంగళూరులో ఒకావిడ కొన్నారు. పది రోజులకు దీపం తిరిగొచ్చింది, వెంట ఒక చీటీ: "మా ఇంట్లో తోలు వస్తువులు వాడం. ఇది తోలని ముందే ఎందుకు చెప్పలేదు?"

ఏం కొంటున్నారో తెలుసుకునే హక్కు ఆవిడకుంది. ఆ హక్కును కాపాడాల్సింది మీరు. ఆవిడకు ఏమని జవాబు రాయమంటారు?

ఇట్లు,
ధర్మవరం నుంచి ఒక వినియోగదారు