ఖరిదా తెలుగు వీధుల నివాసుల సభ తీర్మానం: కరెంటు, రోడ్డు, దీపాలకు గడపే కొలత

1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఇప్పటి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా, వర్క్‌షాపు ఊరుగా పెంచింది. తూర్పు తీరం లైను కలిశాక ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల పల్లెల నుంచి మన పెద్దలు ఆ లైను పట్టుకునే ఇక్కడికి వచ్చారు. ఊళ్లో ఎలా బతికారో ఇక్కడి ఖరిదా వాడలోనూ అలాగే వీధి కట్టుకున్నారు. ఇంటి ముందు అరుగు, అరుగు ముందు ముగ్గుకు చోటు, వీధి మొదట్లో వేపచెట్టు, దాని నీడలో అమ్మవారు. ఊరు చుట్టూ పెరిగిపోయినా ఈ అమరిక చెదరలేదు. పనులు మంజూరు చేసేవారు దీన్ని మొదట గుర్తించాలని ఈ సభ కోరుతున్నది.

మాకు కరెంటు కావాలి, రోడ్డు కావాలి, దీపాలు కావాలి. పల్లెతనం పేరు చెప్పి బురదలోనూ చీకట్లోనూ ఉండిపోదామని ఈ సభలో ఒక్కరూ అనలేదు. వేసవి సాయంత్రం ఓల్టేజీ పడిపోయి ఫ్యాను రెక్కలు లెక్కపెట్టేలా తిరుగుతుంటే చంటిపిల్లల తల్లులు పడే అవస్థ అందరికీ తెలుసు. కరెంటు, రోడ్డు, దీపాలు ఎలా రావాలన్నదే ఈ తీర్మానంలోని విషయం.

అన్నిటికంటే ముందు రోడ్డు మట్టం. పాత రోడ్డును గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తూ పోతే, ఒక్కో పొర 30 మిల్లీమీటర్లే అనుకున్నా, అయిదు పొరలకు అరడుగు లేస్తుంది. ఇల్లు మాత్రం కట్టిన చోటే ఉంటుంది. మెట్లెక్కి చేరుకోవలసిన గడప వీధికి సమానమవుతుంది, తర్వాత కిందికి పోతుంది. ఆషాఢం వానకు కాలువ నీళ్లు తలుపు కింద నుంచి వంటింట్లోకి వస్తాయి. చేతిలో డబ్బున్నవారు నేల ఎత్తించుకుంటారు, లేనివారు గుమ్మానికి సిమెంటు గట్టు కట్టుకుని చేటతో నీళ్లు ఎత్తిపోసుకుంటారు. అప్పుడు అరుగు ఎవరికీ కూర్చునే చోటు కాదు. అరుగు పోయిన వీధిలో ముసలివారికి పొద్దు గడవదు, పిల్లల మీద ఇరుగుపొరుగు కన్నూ ఉండదు.

కావున, ఈ వీధుల్లో ఏ రోడ్డు వేసినా పాత పొరను గీకి తీసిన తర్వాతే వేయాలనీ, పని మొదలయ్యే ముందు ప్రతి ఇంటి గడప మట్టం కొలిచి రాసుకోవాలనీ, కాలువ వాలు సరిచేయకుండా రోడ్డు పని పూర్తయినట్టు బిల్లు చెల్లించరాదనీ ఈ సభ తీర్మానిస్తున్నది.

తీగల సంగతీ దీనితో ముడిపడినదే. వీధికి అడ్డంగా పోయే తక్కువ ఓల్టేజీ తీగ నేలకు కనీసం 5.8 మీటర్ల ఎత్తున ఉండాలని నిబంధన. తీగ కదలకపోయినా కింద రోడ్డు లేచిన కొద్దీ ఆ ఎడం తరుగుతుంది. అమ్మవారి మాతా పూజకు ఆడవాళ్లు తల మీద ఘటాలు పెట్టుకుని నడిచేది, ఊరేగింపు సాగేది ఈ వీధుల్లోనే. వేలాడే ఉత్త తీగలు తీసి పైపూత ఉన్న కేబుల్ వేయాలనీ, కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను గుడి ముంగిట్లోనూ వేపచెట్టు మొదట్లోనూ కాకుండా కంచె కట్టడానికి వీలున్న చోట పెట్టాలనీ రాష్ట్ర విద్యుత్ పంపిణీ సంస్థను సభ కోరుతున్నది. స్థలం చూపించే బాధ్యత నివాసులదే. చెట్టు కొమ్మ అడ్డమైతే కొమ్మనే కత్తిరించాలి. చెట్టునే కొట్టాలంటే 2006 నాటి రాష్ట్ర వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం అనుమతి కావాలని గుర్తు చేస్తున్నది.

దీపాలు ముందుగా సందుల చివర రావాలి. వెలుగున్న బజారులో ఇంకో పెద్ద దీపం కంటే, రాత్రి డ్యూటీ దిగి వచ్చేవారు, ట్యూషన్ నుంచి ఇల్లు చేరే ఆడపిల్లలు నడిచే మలుపులో చిన్న దీపం అవసరం. ఇది రైల్వే పనివారి వాడ, రాత్రి పని చేసినవారు పగలు, పగలు చేసినవారు రాత్రి నిద్రపోతారు. కిటికీలోకి కొట్టే తెల్లటి ఎల్‌ఈడీ వద్దు. 3000 కెల్విన్‌కు మించని పసుపు ఛాయ దీపం, కాంతి నేల మీదే పడేలా పైన కప్పుతో వేయాలి. 2022లో చీకటి ఆకాశ అభయారణ్యంగా ప్రకటించిన లద్దాఖ్‌లోని హాన్లేలో ఊళ్లవారు దీపాలకు కప్పులు పెట్టుకునే బతుకుతున్నారు. అక్కడ నక్షత్రాల కోసం చేసినది ఇక్కడ నిద్ర కోసం చేయవచ్చు.

బజారులో రోడ్డు వెడల్పు చేయవలసి వస్తే, 2014 వీధి విక్రేతల చట్టం ప్రకారం సర్వే జరిగి విక్రయ ధ్రువపత్రాలు ఇచ్చేవరకు కూరగాయల బుట్టలవారిని కదిలించరాదు. పురపాలక వీధి ముగిసి రైల్వే స్థలం మొదలయ్యే చోట దీపం ఎవరిదన్న ప్రశ్న రాకుండా, ఇరువురు అధికారులూ కలిసి నడిచి చూసి, స్తంభాల జాబితా ఒక్కటే తయారు చేయాలి.

2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగును అధికార భాషల్లో చేర్చాలని నిర్ణయించింది. అందుచేత తవ్వకం, కరెంటు కోత, చెట్టు నరకడం గురించిన ప్రతి నోటీసూ బెంగాలీ, హిందీలతో పాటు తెలుగులోనూ పని మొదలుకాక ముందే గుడి గోడ మీద అంటించాలి. 1993 రాష్ట్ర పురపాలక చట్టం చెప్పిన వార్డు కమిటీలో నక్షా చూపించి, నివాసుల మాట మినిట్స్‌లో రాయాలి.

గడపల మట్టం కొలిచే పనిని సభ్యులే ఈ వానాకాలంలోపు మొదలుపెట్టాలనీ, ఆ కొలతల పట్టికతో సహా ఈ తీర్మానం ప్రతులను తెలుగులోనూ బెంగాలీలోనూ పురపాలక సంఘానికి, ఆగ్నేయ రైల్వే ఖరగ్‌పూర్ డివిజన్‌కు, విద్యుత్ పంపిణీ సంస్థకు పంపాలనీ ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.