కోరంగి నుంచి చింతూరు దాకా: పరాయోడంటే ఎవరు?

శరణార్థులు అనగానే మనకి సిరియా, ఉక్రెయిన్ గుర్తొస్తాయి. అంతదూరం ఎందుకండీ, రాజమండ్రి నుంచి మారేడుమిల్లి ఘాట్ దాటి చింతూరు వైపు వెళ్తే చాలు. 2005 జూన్‌లో సల్వాజుడుం మొదలయ్యాక అప్పటి దంతెవాడ జిల్లా ఊళ్ల నుంచి పారిపోయొచ్చిన గొత్తికోయలు ఆ అడవుల్లో గుడిసెలేసుకుని ఉన్నారు. ఒకపక్క మావోయిస్టులు, ఇంకోపక్క సల్వాజుడుం, పోలీసులు. మధ్యలో నలిగి ఊరొదిలేసినోళ్లు. దేశం దాటలేదు కాబట్టి చట్టం లెక్కలో వీళ్లు శరణార్థులు కూడా కాదు. దాటింది రాష్ట్రం సరిహద్దే.

2011 జులై 5న సుప్రీంకోర్టు సల్వాజుడుం రాజ్యాంగ విరుద్ధమంది. తీర్పొచ్చింది గానీ తగలబడ్డ ఇల్లు తిరిగి రాలేదు. అటవీ హక్కుల చట్టం చూస్తే 2005 డిసెంబరు 13కి ముందు నుంచి సాగులో ఉన్న భూమికే పట్టా అంటుంది. జూన్‌లో మంటలు మొదలైతే డిసెంబరు కల్లా ఇక్కడికొచ్చి పోడు కొట్టి ఉండాలన్నమాట! అక్కడ ఎస్టీలైనోళ్లకి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ రాదు. పైగా చింతూరు, కూనవరం, వీఆర్ పురం పోలవరం ముంపు మండలాలు. పట్టా ఉన్న స్థానిక కోయలే పరిహారం కోసం ఏళ్లతరబడి తిరుగుతుంటే, పట్టా లేనోడి గతేంటి?

దీనికీ డెల్టా చర్చిలకీ సంబంధం ఏంటంటారా? నేను చెప్తాను. 1836లో ఇంగ్లండ్ నుంచి ఓడెక్కి వచ్చి, నరసాపురం వైపు స్థిరపడి, గోదావరి డెల్టా మిషన్ మొదలుపెట్టిన బౌడెన్, బీర్ కుటుంబాలు పరాయోళ్లే. వాళ్లకి ఈ నేల చోటిచ్చింది. మత్తయి సువార్త 25వ అధ్యాయం చదివినోళ్లకి తెలుసు, తీర్పు రోజున అడిగే లెక్కలో పరదేశిని చేర్చుకున్నావా అనేది ఒకటి. ఆ పక్కనే ఆకలి, దాహం, జబ్బు, జైలు ఉన్నాయి. ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారనే లెక్క అక్కడ లేదు.

ఇంకో సంగతి. మన డెల్టాలో క్రైస్తవుల్లో ఎక్కువమంది దళితులే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోద్ది. కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకోటి అన్నట్టు బతకడం ఎలా ఉంటదో మన పేటల్లో తెలియనిదెవరికి? సర్టిఫికెట్ విలువ తెలిసినోళ్లు, అది లేనోడి బాధ పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

కులమతాలు పక్కనపెట్టినా గోదారోళ్లం మనమూ వలసపోయినోళ్లమే. కోరంగి రేవు నుంచి రంగూన్‌కి ఎంతమంది పోయారంటే, బర్మావాళ్లు తెలుగోళ్లని కోరంగీలనే పిలిచారు. 1930 మేలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి. 1942లో జపాన్ సైన్యం వస్తే అడవులు, కొండలు పట్టుకుని నడిచొచ్చారు. 1962లో సైన్యం గద్దెనెక్కాక మిగిలినోళ్లు చాలామంది కట్టుబట్టలతో తిరిగొచ్చారు.

చర్చి అడవిలో అడుగుపెడితే మతమార్పిడి అంటారని కొందరు పెద్దలకి భయం. ఆ భయం ఉత్తదేం కాదు. అందుకే సాయం ప్రార్థనతో ముడిపెట్టకూడదు. బైబిళ్లు పంచే ముందు పిల్లల జనన ధ్రువీకరణ పత్రాలు, ఆధార్ రాయించండి. మలేరియా జ్వరంతో ఉన్నోడిని ఆస్పత్రికి చేర్చే జీపు ఒకటి పెట్టండి. హక్కుల ఫైలు చూసే వకీలుని పెట్టండి. గొత్తికోయలకిచ్చేది పక్కూరి స్థానిక కోయలకీ ఇవ్వండి, లేకపోతే పేదోడికీ పేదోడికీ తగువు పెట్టినట్టవుద్ది. ఉజ్జీవ సభల మైకులకీ, షామియానాలకీ పోసే డబ్బులో కొంత చాలు.

మావోయిస్టుల లెక్క తేల్చడానికి కేంద్రం 2026 మార్చి 31 గడువు పెట్టుకుంది. తుపాకుల సంగతి తేలాక రేపో మాపో "ఇంక మీ ఊరు మీరు పొండి" అంటారు. ఇక్కడే పుట్టి ఇరవయ్యేళ్లు వచ్చిన పిల్లలకి ఏది ఊరు? వెళ్లాలో ఉండాలో తేల్చుకునే హక్కు వాళ్లది. ఉంటామన్నోళ్లకి భూమి, గుర్తింపు ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఆ మాట గట్టిగా అడగాల్సినోళ్లలో ముందు వరుస డెల్టా చర్చిలది.