మనోవ్యధకు దాపరికం మందు కాదు

ఆదోని ప్రాంతంలో ఎవరైనా ఉన్నట్టుండి ఉగ్రులై, మరుక్షణమే వెక్కి వెక్కి ఏడిస్తే ‘గాలి సోకింది’ అంటారు. ఉరుకుంద ఈరన్న స్వామి దర్శనానికి బాహాటంగా తీసుకువెళతారు. అదే మనిషిని కర్నూలులో మానసిక వైద్యునికి చూపించవలసి వస్తే, పొరుగువారికి తెలియకుండా తెల్లవారుజామున బస్సు ఎక్కుతారు. నా అభ్యంతరం మొక్కుబడిపై కాదు, ఈ దాపరికంపై. దాచుకొని వాడే మందు సగంలోనే ఆగిపోతుంది, వ్యాధి తిరగబెడుతుంది.

పాఠకులారా, ఉద్వేగం ఉప్పొంగడం గుణదోషం కాదు. నిద్రలేమి, మద్యం, థైరాయిడ్ దోషం, వ్యాకులత, పాత గాయాలు అందుకు కారణం కావచ్చు. ఆ క్షణంలో మాటకు మాట చెప్పక చోటు మారండి. ముఖాన చన్నీళ్లు చల్లుకొని, ఊపిరి నెమ్మదిగా విడవండి. నిద్రపోయి లేచేదాకా ఏ నిర్ణయమూ వద్దు. ఇటువంటి శిక్షణను చికిత్సగా రూపొందించిన అమెరికా మనస్తత్వవేత్త మార్షా లినెహాన్, యౌవనంలో తానూ మానసిక వైద్యశాలలో రోగినేనని 2011లో బహిరంగంగా చెప్పారు. ఆమె గౌరవం తగ్గలేదు.

అయితే, ఎమ్మిగనూరులో మగ్గమున్న ఇంట భార్యాభర్తలకు పగలంతా ఒకే కప్పు. చోటు మారడం సులభం కాదు. అక్కడ దెబ్బలు, అవమానాలు ఉంటే, లోపం భరించేవారి మనస్సులో లేదు. ‘సర్దుకుపో తల్లీ’ అనడం వైద్యం కాదు. 2005 నాటి గృహహింస చట్టం స్త్రీలకు రక్షణ ఇస్తుంది. 181కు ఫోన్ చేయవచ్చు. మనసు బాధ చెప్పుకోవడానికి టెలిమానస్ 14416 రాత్రింబవళ్లు ఉచితంగా అందుబాటులో ఉంది.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం శారీరక, మానసిక వ్యాధులను సమానంగా చూడమంటుంది. జ్వరానికి వెళ్లినట్టే, దీనికీ పట్టపగలే వైద్యుని వద్దకు వెళ్లండి.