సానరాయి షోకేసులో ఉండాలా?

మా వారికి పాత మంగలి కత్తులన్నా, వాటిని నూరే పాత సానరాళ్ళన్నా ప్రాణం. "రాళ్ళకి డబ్బు తగలేస్తుంటే ఊరుకుంటావేమిటే?" అని చుట్టాలు నన్నే అంటారు. రాళ్ళు కొనడం తప్పని నేననను. కొని అద్దాల బీరువాలో పెట్టడమే తప్పంటాను.

బెల్జియంలోని ఆర్డెన్ ప్రాంతంలో దొరికే కోటిక్యూల్ అనే పసుపు రాయినే తీసుకోండి. అందులో కంటికి ఆనని గార్నెట్ కణాలుంటాయి. పల్చటి పొరగా దొరుకుతుంది కనక విరక్కుండా అడుగున పలకరాయి ఉంచుతారు. దీనికి నూనె అక్కర్లేదు, నీళ్ళు చాలు. చిన్న రాతిముక్కతో రుద్దితే మనం గంధం తీసినట్టే చిక్కటి ముద్ద వస్తుంది. చిక్కగా ఉంటే కత్తి త్వరగా అరుగుతుంది. నీళ్ళు కలిపి పల్చన చేసేకొద్దీ అంచు నునుపు తేలుతుంది. ఈ గుణాలన్నీ చేత్తో వాడితేనే తెలుస్తాయి, చూస్తే తెలియవు.

"వాడితే అరిగిపోతుంది, విలువ పోతుంది" అంటారు మా వారు. మంగలి కత్తిని బరువెయ్యకుండా తేలిగ్గా నూరాలి, దానికి రాయి అరిగేది ఏపాటి? నడుమ గుంట పడినా, గాజు పలక మీద ఉప్పుకాగితం పరిచి రుద్దితే మళ్ళీ చదునవుతుంది. దేవుడి గదిలో గంధపు సాన అరిగిందని ఏ ఇల్లాలైనా దిగులుపడిందా?

అందుకే మా ఇంట్లో ఒక చట్టం పెట్టాను: ఉన్న రాయి మీద నూరిన కత్తితో నెల్లాళ్ళు గడ్డం గీసుకున్నాకే కొత్త రాయి మాట. మా అబ్బాయికి రేపు బీరువాడు రాళ్ళు మిగిల్చినా లాభం లేదు. నూరడం వచ్చిన చెయ్యి ఉంటే ఒక్క రాయి చాలు.