ఆ నొప్పికి తెల్లారేదాకా ఆగకూడదు

వార్షికోత్సవ సంచిక అనగానే ఆటల పోటీలు, పదో తరగతి ఫలితాలు, జాషువా గారు పుట్టిన గడ్డ మీద చదువుకుంటున్నామన్న గర్వం, ఇవే రాసుకుంటాం. పూర్వ విద్యార్థులమైన మేము ఈసారి ఇలాంటి పేజీల్లో ఎవరూ రాయడానికి ఇష్టపడని సంగతి రాస్తున్నాం. నవ్వొస్తే నవ్వుకోండి తమ్ముళ్లూ, కానీ చివరిదాకా చదవండి.

మగపిల్లల వృషణానికి, అంటే బీజానికి, రక్తం తెచ్చే తాడు లాంటిది ఒకటి ఉంటుంది. కొందరిలో అది ఉన్నట్టుండి మెలిపడుతుంది. నీళ్ల పైపు మడతపడితే ధార ఆగినట్టు రక్తం ఆగిపోతుంది. డాక్టర్లు దీన్ని టెస్టిక్యులర్ టోర్షన్ అంటారు. పసిపిల్లల్లోనూ వస్తుంది గానీ 12 నుంచి 18 ఏళ్ల వాళ్లలో ఎక్కువ. సరిగ్గా మన హాస్టల్ వయసు. దెబ్బే తగలక్కర్లేదు, నిద్రలోనూ రావచ్చు. 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే నూటికి 90 మందికి పైగా బీజం దక్కుతుంది. 12 గంటలు దాటితే సుమారు సగం మందికే. 24 గంటలు దాటాక దక్కేది చాలా తక్కువ.

ఇప్పుడు మన లెక్క చూడండి. రాత్రి 11 గంటలకు నొప్పి మొదలైంది. తెల్లారి 6 గంటలకు చెబుదాంలే అని పళ్లు బిగబట్టి పడుకుంటే అప్పటికే 7 గంటలు పోయాయి. వినుకొండ నుంచి గుంటూరు పెద్దాసుపత్రి దాదాపు 90 కిలోమీటర్లు. ఆ దారికి ఇంకో రెండు గంటలు.

హాస్టల్లో జరిగేది మనకు తెలియనిదా? గది నిండా పిల్లలు. ఎక్కడ నొప్పో చెబితే మర్నాటి నుంచి ఏదో పేరు పెట్టి పిలుస్తారు. అందుకని కుర్రాడు "కడుపులో నొప్పి" అంటాడు. వేడి చేసిందని మజ్జిగ ఇస్తారు, లేదంటే నొప్పి మాత్ర ఒకటి. కొందరికి నిజంగానే పొత్తికడుపులో నొప్పి, వాంతులు వస్తాయి. పిల్లవాడు అసలు చోటు చెప్పకపోతే డాక్టరు కూడా పొరబడవచ్చు.

స్కానింగ్ అంటే గర్భిణులకే అనుకుంటాం. 1994 చట్టం ప్రకారం లింగ నిర్ధారణ చేయమని స్కానింగ్ సెంటర్ల గోడ మీద పెట్టే బోర్డు చూసి చూసి ఆ అభిప్రాయం పడిపోయింది. అదే మిషను ఇక్కడా పనికొస్తుంది. సూది ఉండదు, ఎక్స్‌రే కిరణాలు ఉండవు. జెల్లీ రాసి పైనుంచి చూస్తారు. కలర్ డాప్లర్ ఉంటే కదిలే రక్తం తెర మీద రంగుల్లో కనిపిస్తుంది. బాగున్న వైపు రంగు కనిపించి, నొప్పి ఉన్న వైపు కనిపించకపోతే అనుమానం బలపడుతుంది. ఒక్కోసారి తాడు సుడి తిరిగి ఉండటం కూడా కనిపిస్తుంది. ఇన్‌ఫెక్షన్ అయితే రక్తప్రసరణ పెరిగి ఉంటుంది, దానికి మందులు చాలు. అనవసరపు కోత తప్పించడంలో స్కానింగ్ చేసే మేలు చిన్నది కాదు.

అయినా స్కానింగ్ కోసం ఆపరేషన్ ఆపకూడదన్నదే మా అభిప్రాయం. తాడు సగమే మెలిపడినా, మెలిపడి విడిపోతూ ఉన్నా తెర మీద రక్తం కనిపించవచ్చు. బీజం గట్టిపడి పైకి లాగినట్టుండి, తొడ లోపలివైపు గీరితే కదలకుండా ఉంటే, సర్జన్లు స్కానింగ్ లేకుండానే థియేటర్‌కు తీసుకెళ్లవచ్చు. వైద్యశాస్త్రం చెప్పేది అదే. "స్కానింగ్ డాక్టరు పొద్దున వస్తారు, కూర్చోండి" అన్న మాట మేమూ ఒక చోట విన్నాం. ఎక్కడన్నది ఇక్కడ అనవసరం. అలాంటప్పుడు "సర్జన్‌ను పిలవండి సార్" అని గట్టిగా అడగాలి. పేదవాడి బిడ్డ గొంతు ఆసుపత్రిలో చిన్నదైపోతుంది, అది మనకు కొత్త కాదు.

ఇంకో చిక్కు సంతకం. మిరప కోతల రోజుల్లో అమ్మానాన్నలు పొరుగూరి చేలల్లో ఉంటారు, ఫోను అందదు. అత్యవసర వైద్యానికి సమ్మతిస్తూ ఒక కాగితం హాస్టల్లో చేర్చుకునేటప్పుడే తల్లిదండ్రుల చేత రాయించుకుంటే, ఆసుపత్రిలో మాట్లాడటానికి కొంత ఆధారం ఉంటుంది. 2005 నుంచి 108 ఉంది కాబట్టి బండికి డబ్బుల్లేవన్న బెంగ అక్కర్లేదు.

ఇదివరకే ఒకటి పోగొట్టుకున్నవాళ్లు మన పూర్వ విద్యార్థుల్లో ఉంటే దిగులుపడకండి. రెండోది బాగుంటే పెళ్లికి, పిల్లలకు సాధారణంగా అడ్డు ఉండదు. అయితే రెండో వైపూ మెలిపడే అవకాశం ఉంది కాబట్టే ఆపరేషన్లో రెండింటినీ కుట్టి కదలకుండా చేస్తారు. మీకలా చేశారో లేదో డాక్టరుకు చూపించుకుని కనుక్కోండి.

పెద్ద తరగతుల తమ్ముళ్లకు ఒక పని. రాత్రిపూట గేటు తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుందా, కామాటి దగ్గరుంటుందా, వార్డెన్ గారు ఇంటికి తీసుకెళతారా? ఈ వారంలోనే అడిగి తెలుసుకోండి. చిన్న తరగతుల పిల్లలకు కూడా చెప్పండి.